సగం పేరు, సగం ఊరు

ఈ శీర్షికలో ఇంతకుముందు ఎందరో ఇంటి పెద్దలను స్మరించుకున్నాము. ఈ మాసం మా దాదాగారిని గురించి వ్రాయదలచాము. ‘మేము’ అంటే ఆయన మనవలము, మనవరాళ్లము. ఒకరికి గుర్తున్నది మరొకరికి గుర్తులేదు. అందుచేత అందరి జ్ఞాపకాలను ఒకచోట చేర్చి, పెద్దవారైన మా మేనత్తగారికి చదివి వినిపించి, ఆమె కాదన్నవి తీసివేసి, ఔనన్నవి ఇక్కడ ఉంచుతున్నాము.

దాదాగారు 2000 సంవత్సరంలో అల్లాహ్ సన్నిధికి చేరారు. జనాజా అయిన నెలకు పెద్దలు కూర్చుని పంపకం జరిపించారు. కర్నూలులోని పెంకుటిల్లు, ఊరి వెలుపల కొద్దిపాటి స్థలం. దాదీకి ఎనిమిదవ వంతు, కొడుకులకు, కూతుళ్లకు వారి వారి భాగాలు, చిక్కేమీ రాలేదు. ఏ లెక్కలోకీ రానివి మాత్రం ఒక రేకు పెట్టెలో మిగిలినవి. యుద్ధ పతకాలు, రెఫరీ ఈల ఒకటి, అట్ట ఊడిపోయిన నోటు పుస్తకం ఒకటి. పాత ఇత్తడి కొనే వ్యాపారి ఒకడు పతకాలకు నూట యాభై రూపాయలు ఇస్తానన్నాడట. మా పెద్దబ్బా మారుమాట లేకుండా పెట్టె మూత వేసి, దానిమీద తానే కూర్చున్నారు. ఆ పెట్టె నేటికీ ఆయన మంచం క్రిందనే ఉన్నది.

ఆ పతకాలను గురించి రెండు మాటలు చెప్పవలసి ఉన్నది. తెలుగునాట ఎన్నో ఇళ్లలో ఇటువంటివి ఉండి కూడా, అవి ఏమిటో తెలియక పిల్లల ఆటవస్తువులై పోతున్నవి. పసుపు ఛాయ గల ఆరు కోణాల నక్షత్రం, దాని పట్టీ ముదురు నీలం, నడుమ ఎర్రని చార, ఇరుప్రక్కల నారింజ చారలు ఉన్నట్లయితే అది బర్మా స్టార్. 1941 డిసెంబరు 11 మొదలు 1945 సెప్టెంబరు 2 వరకు బర్మా పోరులో పనిచేసినవారికి ఇచ్చినది. రెండవ ప్రపంచయుద్ధంలో భారత సైన్యంలో చేరినవారు 25 లక్షలకు పైబడినవారు. అందరూ స్వయంగా వచ్చి చేరినవారే. స్వయంగా అన్న ఆ మాటను దాదాగారు నవ్వుతూ వినేవారు. “ఇంట్లో ఎనిమిది మందిమి. పొలం లేదు. నెలనెలా జీతం వస్తుందన్నారు. అదేరా నా స్వయంగా” అనేవారు.

1942లో ఆయనకు ఇరవై ఏళ్లు. లారీ మీద క్లీనరుగా తిరిగి బండి నడపడం నేర్చినవారు. సైన్యానికి డ్రైవర్ల అవసరం విపరీతంగా ఉన్న రోజులవి. సరుకులు, రవాణా చూసే రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్‌లో చేర్చుకున్నారు. శిక్షణ అయిన పిమ్మట అస్సాం వైపు పంపారు. 1944 మార్చిలో జపాను సైన్యం చింద్విన్ నది దాటి మణిపూర్‌లోకి వచ్చింది. నెలాఖరుకల్లా దిమాపూర్ నుండి ఇంఫాల్‌కు పోయే ఏకైక మంచి రహదారి తెగిపోయింది. ఇంఫాల్‌లో చిక్కుకున్నవారికి బియ్యం మొదలు మందుగుండు వరకు విమానాలే దిక్కు. దాదాగారు దిమాపూర్ వైపున ఉండిపోయారు. అక్కడి రైలు కేంద్రం నుండి కోహిమా 46 మైళ్లు. అంతా కొండ ఎక్కుడే. ఒక ప్రక్క గోడవంటి కొండ, మరొక ప్రక్క చూపు ఆనని లోయ, పైన వాన. ఆ దారిన రాత్రింబవళ్లు లారీ నడిపారు. దారి తిరిగి ఇంఫాల్ దాకా తెరుచుకున్నది జూన్ 22న, 109వ మైలురాయి దగ్గర.

ఇంతవరకు పుస్తకాలు చూసి ఎవరైనా వ్రాయగలరు. దాదాగారి నోటి నుండి వచ్చినది మాత్రం చాలా తక్కువ.

మా మేనత్తగారికి సంబంధం చూస్తున్న రోజులలో, మగపెళ్లివారు వచ్చి కూర్చున్నప్పుడు, దగ్గరి బంధువొకరు ఉత్సాహం పట్టలేక, “మా మామగారు బర్మాలో డజను మంది జపానువాళ్లను పడగొట్టినవారు” అని చెప్పారు. వచ్చినవారు కళ్లు పెద్దవి చేసుకుని చూశారు. దాదాగారు షర్బతు గ్లాసు క్రింద పెట్టి, “లేదండీ. నేను బియ్యం మోసినవాణ్ణి. పోయేటప్పుడు బియ్యం, వచ్చేటప్పుడు దెబ్బ తగిలిన మనుషులు. తుపాకీ ఇచ్చారు గాని, పేల్చే పని పడలేదు” అన్నారు. పరదా వెనుక దాదీ తల పట్టుకున్నది. ఆ సంబంధమే కుదిరింది. ఆ మాట వల్లనే కుదిరిందని మా మామయ్యగారు తర్వాత ఎన్నోమార్లు చెప్పినా, దాదీ మాత్రం చివరి వరకు ఒప్పుకోలేదు.

కాలేజీలో చదివే కుర్రవాళ్లు మరొక రకంగా అడిగేవారు. “మీరు నేతాజీకి ఎదురుగా పోరాడారు కదా?” అని. అడగవలసిన ప్రశ్నే. 1944 ఏప్రిల్ 14న ఆజాద్ హింద్ ఫౌజ్ మణిపూర్‌లోని మొయిరాంగ్‌లో జెండా ఎగురవేసింది. ‘జై హింద్’ అనే నినాదాన్ని కూర్చినవారని పేరుపొందిన ఆబిద్ హసన్ సఫ్రానీ మన హైదరాబాదువారే; ఆయన ఆ ఫౌజ్‌లోని వారు. కర్నూలు యువకుడు ఈ వైపున, హైదరాబాదు యువకుడు ఆ వైపున. దాదాగారు ఈ ప్రశ్నకు కోపగించుకోలేదు, సమర్థించుకోనూ లేదు. “అటు పోయినవాళ్లది పెద్ద గుండె. నాది చిన్న ఇల్లు” అని ఊరుకునేవారు. మాకు ఇప్పటికీ ఇంతకంటె నిజాయితీ గల జవాబు తోచడం లేదు.

1946లో ఇంటికి పంపివేశారు. పదిహేనేళ్ల సర్వీసు లేదు గనుక పెన్షను లేదు. ఒక కార్యాలయంలో జీపు డ్రైవరుగా కుదిరి, పదవీ విరమణ వరకు అదే ఉద్యోగం చేశారు. కాని కర్నూలులో ఆయనను డ్రైవరుగా ఎరిగినవారు తక్కువ. ‘ఈల సాహెబు’ అంటే చెప్పేవారు.

ఫుట్‌బాల్ ఆయనకు సైన్యంలోనే పట్టుబడింది. దిమాపూర్ శిబిరంలో బురదలో ఆడేవారట. వచ్చిన తర్వాత బడి పిల్లలను పోగుచేసి సాయంకాలం ఆడించడం మొదలుపెట్టారు. జీతంలో ప్రతి నెలా కొంత బంతులకు పోయేది. సిటీ పోలీసు జట్టు ఆట చూడడానికి హైదరాబాదు పోయి, రాత్రి బండికి తిరిగి వచ్చేవారు. ఆ తరం హైదరాబాదు ఫుట్‌బాల్ ఎంతటిదో ఇప్పటి పిల్లలకు చెప్పినా నమ్మరు. 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుమార్లు రోవర్స్ కప్పు ఆ జట్టుదే. దానిని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ మొదట బడిపంతులు. ఆయన శిక్షణలోనే 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారతజట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది, నాలుగవ స్థానం పొందింది. 1962లో జకార్తా ఏషియా క్రీడలలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చింది. మరుసటి సంవత్సరమే రహీమ్ సాహెబు కేన్సరుతో మరణించారు. ఆ వార్త విన్న రోజు దాదాగారు పిల్లలను ఆడించలేదట. మైదానం చుట్టూ ఒక్కరే నడిచి ఇంటికి వచ్చారట.

రహీమ్ సాహెబు బలహీనమైన కాలితో మాత్రమే ఆడే పోటీలు పెట్టేవారని విని, దాదాగారు దానిని కర్నూలుకు తెచ్చారు. శుక్రవారం నాడు అందరూ ఎడమకాలితోనే ఆడాలి. కుడికాలు తగిలితే ఈల. మాలో ఒకరికి ఆ శుక్రవారాల పుణ్యమా అని నేటికీ ఎడమకాలే ముందు పడుతుంది.

మొహల్లాలో కొందరు పెద్దలకు ఇది నచ్చలేదు. తొడలు కనబడే నిక్కర్లు, అసర్ వేళ కేకలు, ఇదేమి పద్ధతి అన్నారు. దాదాగారు వాదానికి దిగలేదు. దర్జీని పిలిచి మోకాలు దాటే నిక్కర్లు కుట్టించారు. అసర్ అజాన్ వినబడగానే హాఫ్ టైమ్ అని నియమం పెట్టారు. హిందూ పిల్లలు ఆ వ్యవధిలో నీడన కూర్చుని బఠాణీలు తినేవారు. ముస్లిం పిల్లలు నమాజు ముగించుకుని వచ్చేసరికి వాళ్ల వాటా పొట్లంలో ఉండేది. ఆక్షేపించిన పెద్దలలో ఒకరు తర్వాత గోల్ వెనుక కుర్చీ వేయించుకుని కూర్చునే స్థితికి వచ్చారు. ఇంట్లో దాదీ, “ఈ వయసులో పరుగులేమిటి?” అని దెప్పినప్పుడల్లా, దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేసిన సంగతి తీసేవారు. మొదటి పందెంలో గెలిచినది ఎవరో కూడా గుర్తు చేసేవారు. దాదీకి అది తెలుసు. అయినా మళ్లీ చెప్పించుకునేది.

బాడ్మింటన్ మాత్రం ఆయనకు గిట్టదు. పెరటిలో మేము సున్నంతో గీతలు గీసి ఆడుతుంటే, వచ్చి కూర్చునేవారు కారు. గీతలు దాటవలసి వస్తే గోడవారగా చుట్టు తిరిగి పోయేవారు. ముసలితనపు చాదస్తమనుకునేవాళ్లము. దాని కథ 1986లో తెలిసింది.

ఆ ఏడు ప్రపంచకప్పు ఫుట్‌బాల్ దూరదర్శన్‌లో చూశాము. జూన్ 22 రాత్రి, అర్జెంటీనా – ఇంగ్లండ్ ఆట. మొహల్లా సగం మా ఇంటి వసారాలోనే ఉన్నది. 51వ నిమిషాన మారడోనా చేతితో బంతిని గోలులోకి నెట్టాడు. రెఫరీ గోలు ఇచ్చాడు. ఆ రెఫరీ ట్యునీషియాకు చెందిన అలీ బిన్ నాసర్. మన పేరే గదా అని మాలో కొందరికి చిన్న గర్వం, పైగా ఓడేది ఇంగ్లండు. అందరూ ఎగిరి గంతులు వేశారు. దాదాగారు లేవలేదు. ఆట ముగిసి జనం వెళ్లిన తర్వాత మాలో ఒకరు, “రెఫరీది తప్పే కదా దాదా?” అని అడిగారు. “అతను నిలబడ్డ చోటికి కనబడలేదు బేటా. లైన్ మీద ఉన్నవాడి వైపు చూశాడు, వాడు జెండా ఎత్తలేదు. రెఫరీ ఏం చేస్తాడు? కాని ఆ చేతికి తెలుసు” అన్నారు. కొంతసేపు ఊరుకుని, తన కుడిచేతిని చూసుకుంటూ, ఎవరూ అడగకుండానే చెప్పసాగారు.

కోహిమా కొండమీద డిప్యూటీ కమిషనర్ బంగళా ప్రక్కన ఒక టెన్నిస్ కోర్టు ఉండేది. 1944 ఏప్రిల్, మే మాసాలలో రెండు సైన్యాలు ఆ కోర్టుకు ఈ చివర, ఆ చివర కందకాలు త్రవ్వుకుని పోరాడినవి. ఆటలో బంతి పోయినంత దూరంలో చేతిబాంబులు పోయినవి. మే నడిమిలో టాంకు ఎక్కించి గాని ఆ చోటు వశం కాలేదు. కొన్నాళ్లకు దాదాగారు సరుకు దింపి అటుగా నడిచారు. చెట్లకు ఆకు లేదు. కోర్టు మీద ఏమి చూశారో ఆయన చెప్పలేదు, “ఆటకు గీసిన గీత అది. దానికి ఇవతల ఉన్నవాడు, అవతల ఉన్నవాడు సాయంత్రం చేయి కలిపి ఇంటికి పోవాలి” అని మాత్రం అన్నారు. నేడు అక్కడ యుద్ధ శ్మశానవాటిక ఉన్నది. 1,400కు పైగా సమాధులు, దహనం చేయబడిన హిందూ, సిక్కు సైనికులు 900 మందికి పైగా పేర్లతో ఒక స్మారకం. ఆ టెన్నిస్ కోర్టు గీతలను కూడా అలాగే నిలిపి ఉంచారు.

ఆ రోజు తిరుగు ప్రయాణంలో లారీ నిండా క్షతగాత్రులు. వానకు మెత్తబడిన మలుపులో వెనుక చక్రం జారింది. దాదాగారి నోట అప్రయత్నంగా, “అబ్బా, ఏం రోడ్డురా ఇది!” అని వచ్చింది. అంతవరకు మూలుగులు తప్ప మరేమీ వినబడని వెనుక నుండి ఒక గొంతు, “అన్నా, మనోడివా?” అన్నది.

రెండేళ్లలో ఆ కొండలలో ఆయన విన్న మొదటి తెలుగు మాట అదేనట. మద్రాస్ సాపర్లలోని వాడై ఉండవచ్చునని తర్వాత అనుకున్నారు. ఆ యువకుడికి పొట్టలో గాయం. “అన్నా, నీళ్లు” అన్నాడు. ఆ దారిలో బండి ఆపరాదు. వెనుక వరుసగా లారీలు. దాదాగారు ఆపారు. దిగి వెళ్లి, తల ఎత్తి పట్టుకుని, తన సీసాతో మూడు గుక్కలు పట్టారు. ఏ ఊరు తమ్ముడూ అని అడిగారు. వెనుక లారీల హారన్లు మ్రోగుతున్నవి. పేరులో ‘వెంకట’ అన్నంతవరకే వినబడింది. ఊరి పేరులో చివరి ‘పాడు’ ఒక్కటే వినబడింది.

క్రిందికి చేరేసరికి అతడు లేడు. దింపుకునే వైద్య సిబ్బందికి దాదాగారు జరిగినది జరిగినట్లు చెప్పారు, నీళ్లు ఇచ్చానని కూడా. అక్కడి వ్యక్తి, “పొట్టలో గాయానికి నీళ్లు పడతారా? ఎవరు నేర్పారు నీకు?” అని కసరి వెళ్లిపోయాడు. అంతే. ఆ ఒక్క కసురును దాదాగారు నలభై రెండేళ్లు మోశారు.

వింటున్నవారిలో మా పెద్దన్నయ్య అప్పుడు మెడిసిన్ చదువుతున్నాడు. పొట్టలో గాయమైనవారికి నోటి ద్వారా ఏమీ ఇవ్వరాదన్న మాట నిజమేనని, అయితే అంత గాయంతో, శస్త్రచికిత్స లేకుండా, ఆ దారిలో అన్ని గంటలు ప్రయాణించినవాడి ప్రాణాన్ని మూడు గుక్కల నీళ్లు తీసివేయవని వివరంగా చెప్పాడు. దాదాగారు శ్రద్ధగా విన్నారు. “నువ్వు చెప్పింది డాక్టరు మాట బేటా. నాకు వాళ్లమ్మ మాట కావాలి” అన్నారు.

అప్పుడు గాని ఆ నోటు పుస్తకం ఏమిటో మాకు అర్థం కాలేదు. బడి జట్లను వెంటబెట్టుకుని ద్రోణాచలం – గుంటూరు మీటరు గేజి బండిలో ఆయన ఎన్నోమార్లు పోటీలకు వెళ్లేవారు. కర్నూలు, నంద్యాల చుట్టుప్రక్కల కావలసినన్ని జట్లు ఉండగా అంత దూరం ఎందుకని అందరూ అనేవారు. ఆట ముగిసిన మరునాడు పిల్లలను పంతులుగారికి అప్పగించి, తాను బస్సెక్కేవారు. పెదనందిపాడు, ప్రత్తిపాడు, నాగులుప్పలపాడు... మన కోస్తాలో ‘పాడు’తో ముగిసే ఊళ్లకు కొదువా? పుస్తకంలో 41 ఊళ్ల పేర్లు ఉన్నవి. ప్రతి పేరు ప్రక్కన తేదీ, ఆ పర్యటనలో ఆడిన ఆట ఫలితం, ఒక టిక్కు. కొన్నిచోట్ల మజ్జిగ ఇచ్చారట. ఒకచోట అప్పు వసూలుకు వచ్చాడనుకుని తలుపు వేశారట. యుద్ధానికి పోయి తిరిగిరాని వారి ఇళ్లు అయిదు దొరికినవి. వాటిలో నాలుగింటిలో పేరూ కలవలేదు, చోటూ కలవలేదు.

అయిదవ ఇంట ఒక ముసలమ్మ. ఆమె కొడుకు పేరు సుబ్బారావు. ‘వెంకట’ లేదు. ఏ చోట పోయాడో ఆమెకు తెలియదు; తంతి వచ్చింది, చదివినవారు చెప్పినది మరచిపోయింది. దాదాగారు నమస్కరించి లేవబోతే, ఆమె చేయి పట్టుకుని, “నా కొడుకే అయ్యుంటాడు నాయనా, చెప్పు” అన్నదట. దాదాగారు కూర్చుని మొత్తం చెప్పారు, నీళ్ల సంగతితో సహా. ఆమె ఏమన్నదో ఆయన మాకు చెప్పలేదు. పుస్తకంలో ఆ ఊరి ప్రక్కన తేదీ ఉన్నది. టిక్కు లేదు, కొట్టివేత లేదు. ఆ రోజు ఆట 1-1.

పెద్దన్నయ్య ఇప్పుడు పదవీ విరమణ చేసి, ఆ పుస్తకంలో 42వ ఊరు వ్రాశాడు. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వారి జాబితాలలో చాలామంది సైనికుల పేరు, దళం, మరణించిన తేదీ, కొందరికి తండ్రి పేరు, ఊరు కూడా ఉంటవి. వాటిని వరుసగా చదువుతున్నాడు. ఇంగ్లీషు అక్షరాలలో పడి మన ఊళ్ల పేర్లు రూపు మారినవి గనుక పని మెల్లగా సాగుతున్నది. ఈల మాత్రం పెట్టెలో లేదు. మనవరాలి కూతురు కాలేజీలో రెఫరీ పరీక్షకు తీసుకుపోయింది.

పాఠక సోదర సోదరీమణులకు ఒక మనవి. ఈ పత్రిక ప్రతి ఇంటి నుండి ప్రక్క ఇంటికి కూడా పోతుందని ఎరుగుదుము. గుంటూరు, ఒంగోలు ప్రాంతాలలో, ‘పాడు’తో ముగిసే ఏ ఊరిలోనైనా, 1944 వేసవిలోనో వానకాలంలోనో కోహిమా దారిన కన్నుమూసిన సైనికుని ఇల్లు మీ ఎరుకలో ఉన్నట్లయితే, పత్రిక చిరునామాకు ఒక కార్డు ముక్క వ్రాయండి. పతకం లేకపోయినా, ఫోటో లేకపోయినా ఫరవాలేదు. పేరు ‘వెంకట’తో మొదలైతే చాలు, మేము వచ్చి కలుస్తాము.